ఎత్తిపోతల, నాగార్జునసాగర్ ఒక్కరోజులో: బయల్దేరే ముందు నీళ్ల లెక్క చూడండి

సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చూసి, ఆ ఆదివారమే పిల్లాజెల్లాతో ఎత్తిపోతల జలపాతానికి కారు తీసేవాళ్లు చాలామంది. మొదటి పొరపాటు అక్కడే జరుగుతుంది. గేట్లలోంచి దూకేది కృష్ణ. ఎత్తిపోతలలో దూకేది చంద్రవంక వాగు. రెండింటికీ నీళ్లు వచ్చే దారులు వేరు. ఒకటి ఉరకలెత్తుతున్న రోజున రెండోది సన్నటి ధారగా ఉండొచ్చు, తలకిందులుగా కూడా ఉండొచ్చు.

చంద్రవంక మాచర్ల మీదుగా వస్తుంది. నక్కలవాగు, తుమ్మలవాగు కలిశాక ఎత్తిపోతల దగ్గర సుమారు 70 అడుగుల నుంచి కిందికి దూకుతుంది. అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్లు లోయలో పారి కృష్ణలో కలుస్తుంది. ఆ కలిసే చోటు డ్యామ్‌కి దిగువన ఉంది కాబట్టి 26 గేట్లూ ఎత్తినా ఈ జలపాతానికి చుక్క కూడా అదనంగా రాదు. దీనికి నీళ్లిచ్చేవి రెండే: పల్నాడులో కురిసిన వాన, సాగర్ కుడి కాలువ నుంచి వాగులోకి చేరే నీరు. వాన లేని రోజుల్లో జలపాతాన్ని నిలబెట్టేది ఆ కాలువే.

కాబట్టి ప్రయాణానికి రెండు రోజుల ముందు పేపర్లో వచ్చే ప్రాజెక్టుల నీటిమట్టాల పట్టిక చూడండి. సాగర్ వరుసలో మూడు అంకెలు చాలు. మొదటిది నీటిమట్టం, నిండుమట్టం 590 అడుగులు. రెండోది ఔట్‌ఫ్లో, అంటే జలాశయం నుంచి బయటికి వదిలే నీరు. మూడోది కుడి కాలువకు వదులుతున్న క్యూసెక్కులు (సెకనుకి ఘనపుటడుగులు). పట్టికలో ఇది లేకపోతే పల్నాడు జిల్లా పేజీ వార్తల్లో దొరుకుతుంది. కుడి కాలువ వేల క్యూసెక్కుల్లో నడుస్తుంటే ఎత్తిపోతల బాగుంటుందని నమ్మొచ్చు. కాలువ సున్నా, మాచర్ల వైపు వారం రోజులుగా వాన లేదు అంటే అక్కడ మీకు కనిపించేవి నల్లటి బండలూ వాటి మీద రెండు తెల్లటి గీతలూ మాత్రమే.

గేట్లు ఎత్తిన రోజే రావాలా? గేట్లే చూడాలనుకుంటే రండి, మరో మార్గం లేదు. ఎగువన శ్రీశైలం తన నిండుమట్టం 885 అడుగుల దగ్గరికి చేరాకే మామూలుగా సాగర్ నిండుతుంది కనుక ఇది మామూలుగా జులై ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా సాగే వ్యవహారం. కొన్నేళ్లు అసలు ఉండదు, 2023లో ఎగువన వానల్లేక గేట్లు ఎత్తనేలేదు. కానీ ఆ రోజుల్లో డ్యామ్ దిగువ వంతెన మీద కార్లు కదలవు, వరద ఉధృతి ఉంటే జలాశయంలోని నాగార్జునకొండ దీవికి వెళ్లే లాంచీలు ఆపేస్తారు, హోటళ్లలో మధ్యాహ్నం రెండింటికే అన్నం అయిపోతుంది. అన్నీ కలిసొచ్చే రోజులు వేరే ఉన్నాయి. గేట్లు దించేసి వారం పది రోజులైన తర్వాత, జలాశయం నిండుగా, కాలువ జోరుగా ఉన్నప్పుడు. అంటే దాదాపు సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు దాకా. జనవరి, ఫిబ్రవరిలో కాలువ నడుస్తుంటే ఫర్వాలేదు. మార్చి నుంచి జూన్ మధ్యలో మాత్రం వద్దు. పక్కనే ఉన్న రెంటచింతల పేరు ఎండల వార్తల్లో ఎన్నిసార్లు వస్తుందో తెలుసుగా, అదే ఎండ ఇక్కడా.

వారంలో ఏ రోజు అన్నది కూడా తేలికగా తీసుకోకండి. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. కార్తీక మాసం ఆదివారాలు వనభోజనాల బస్సులతో నిండిపోతాయి. తొలి ఏకాదశికి ఎత్తిపోతల దత్తాత్రేయస్వామి తిరునాళ్ల జరుగుతుంది, దూరదూరాల నుంచి లంబాడీ కుటుంబాలు మొక్కులు తీర్చుకోవడానికి వస్తాయి. అది చూడదగ్గదే, కానీ జలపాతం కోసం వెళ్లేవాళ్లకు అనువైన రోజు కాదు. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి దొరికితే పట్టుకోండి.

ఏది చూడాలి, ఏది వదలాలి

ఇక్కడ చూడదగ్గవి చాలానే ఉన్నాయి: ఎత్తిపోతల, నాగార్జునకొండ, డ్యామ్, అనుపు, హిల్ కాలనీలో 274 ఎకరాల బౌద్ధ పార్కు బుద్ధవనం. ఐదింటినీ ఒక్కరోజులో కుక్కితే ఏదీ చూసినట్టు ఉండదు, రోజంతా కారు దిగడం ఎక్కడమే అవుతుంది. రెండు పెద్దవి, ఒక చిన్నది పెట్టుకోండి. పెద్దవి నాగార్జునకొండ, ఎత్తిపోతల. చిన్నది కింది వంతెన మీద నుంచి డ్యామ్. లాంచీలు నడవని రోజైతే కొండ స్థానంలో బుద్ధవనం గానీ, కుడి గట్టున ఉన్న విజయపురి సౌత్ నుంచి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని అనుపు గానీ పెట్టండి. అనుపులో ముంపు నుంచి తరలించి మళ్లీ పేర్చిన విహారాలు, మెట్ల రంగస్థలం ఉన్నాయి, జనం తక్కువ.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు పనికొచ్చే వరుస ఇది. ఉదయం 5 గంటలకు ఎల్బీ నగర్ దాటాలి. 8.15కి సాగర్, టిఫిను. 9కి విజయపురి సౌత్ లాంచ్ స్టేషన్ కౌంటర్ దగ్గర. కొండ చూసి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం 12.30 – 1 అవుతుంది. భోజనం. 2.15కి ఎత్తిపోతల. 4కి అక్కణ్ణుంచి బయల్దేరి, 4.30కి వంతెన, 5.15కి తిరుగు ప్రయాణం, రాత్రి 9 లోపు ఇల్లు. లాంచీ ముందు, జలపాతం తర్వాత ఎందుకంటే, లాంచీ మీ చేతిలో లేదు. తగినంత మంది జమ కాకపోతే కదలదు, గాలి లేస్తే ఆపుతారు, మధ్యాహ్నం చివరి ట్రిప్పు రద్దయితే అడిగే దిక్కుండదు. జలపాతం ఎక్కడికీ పోదు.

ఒక్క సందర్భంలో ఈ వరుస తిప్పేయొచ్చు. డిసెంబరు, జనవరి చలిలో మొసళ్లు పొద్దున ఎండ కాచుకోవడానికి నీళ్లలోంచి బండల మీదికి వస్తాయి. ఎత్తిపోతల మడుగులో మొసళ్ల సంతానోత్పత్తి కేంద్రం ఉంది. పిల్లలకు ఆ సరదా ఉంటే 9 గంటలకు ఎత్తిపోతలలో ఉండి, 11కి లాంచీ దగ్గరికి రండి. పనిరోజు అయితే ఆ ట్రిప్పుకి జనం సరిపోతారో లేదో పొద్దున్నే కౌంటర్‌కి వెళ్లి అడిగి మరీ వెళ్లండి.

దారి

ఎల్బీ నగర్, బీఎన్ రెడ్డి నగర్, ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి, మల్లేపల్లి, పెద్దవూర, సాగర్. 140 నుంచి 150 కిలోమీటర్లు, టిఫినుకి ఆగకపోతే మూడు గంటలు, సవా మూడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద నుంచి వచ్చేవాళ్లు బొంగ్లూరు దగ్గర దిగితే ఊరి ట్రాఫిక్కంతా తప్పుతుంది. సాగర్‌కి రానూపోనూ, అక్కణ్ణుంచి ఎత్తిపోతలకి రానూపోనూ, లోపలి తిరుగుళ్లు కలిపితే రోజు మొత్తం 330 కిలోమీటర్ల పైమాటే. లీటరుకి 16 ఇచ్చే కారుకి 21 లీటర్లు. ఇబ్రహీంపట్నంలోనే ట్యాంకు నింపేసుకోండి. టైర్ల గాలి కూడా అక్కడే చూపించుకోండి, ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా గిన్నెలు పెట్టుకుని గాలి తక్కువ టైర్లతో మూడు గంటలు నడిపితే పంక్చరుకి పిలుపు పంపినట్టే.

సాగర్ చేరాక కొత్తవాళ్లు తికమకపడేది కాలనీల పేర్ల దగ్గర. ఎడమ గట్టున పైన ఉన్నది హిల్ కాలనీ, దిగువన ఉన్నది పైలాన్ కాలనీ, రెండూ తెలంగాణలో. కృష్ణ దాటాక కుడి గట్టున విజయపురి సౌత్, జనం నోట రైట్ బ్యాంక్, అది ఆంధ్రప్రదేశ్. డ్యామ్ మీద నుంచి మామూలు వాహనాలను వదలరు. దిగువన ఉన్న వంతెన మీదుగానే దాటాలి. ఫోన్‌లో మ్యాప్ డ్యామ్ మీదుగా గీత చూపించినా ఆ గీతను పట్టుకుని గేటు దాకా వెళ్లి వెనక్కి తిరగకండి. మ్యాప్‌లో ‘ఎత్తిపోతల’ అని మాత్రమే కొడితే రాష్ట్రంలోని ఎత్తిపోతల పథకాలన్నీ వరుస కడతాయి. ‘ఎత్తిపోతల జలపాతం, మాచర్ల’ అని కొట్టండి. రెండు రాష్ట్రాల సరిహద్దు కనుక చెక్‌పోస్టులో డిక్కీ తెరవమనొచ్చు. కారులో మందు సీసాలుంటే ఆ రోజు విహారం అక్కడే ముగుస్తుంది.

గుంటూరు, విజయవాడ వాళ్లకు సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల. మాచర్ల దాటి సాగర్ రోడ్డులో ఉంటే ఎత్తిపోతలే ముందొస్తుంది, డ్యామ్ ఇంకో 11 కిలోమీటర్లు. పొద్దున జలపాతం చూడటం వీళ్లకు సహజమైన వరుస. దారిలో మాచర్ల చెన్నకేశవస్వామి గుడి ఉంది. పక్కన పారేది ఇదే చంద్రవంక. ఆ వంతెన దగ్గర వాగులో నీళ్లెన్ని ఉన్నాయో ఒకసారి చూసుకుంటే ముందున్న జలపాతం ఎలా ఉంటుందో సగం తెలిసిపోతుంది.

బస్సులో వచ్చేవాళ్లు హైదరాబాద్ నుంచి మాచర్ల వెళ్లే బస్సు ఎక్కితే వంతెన దాటించి కుడి గట్టున దింపుతుంది. సాగర్ దాకా మాత్రమే వచ్చే బస్సైతే ఎడమ గట్టునే దిగి ఆటో పట్టాలి. ఆడవాళ్లకిచ్చే మహాలక్ష్మి ఉచిత టికెట్ తెలంగాణ సరిహద్దు వరకే పనిచేస్తుంది, అవతలికి ఛార్జీ కట్టాలి. చిరునామా ఉన్న ఆధార్ అసలు కార్డు దగ్గరుంచుకోండి. విజయపురి సౌత్ నుంచి ఎత్తిపోతలకి ఆటో మాట్లాడేటప్పుడు రానూపోనూ, అక్కడ గంటన్నర ఆగడం, మూడూ కలిపి ఒకే ధర చెప్పించండి. ‘పోయేదానికి ఇంత’ అని మాట్లాడుకుని దిగిపోతే సాయంత్రం తిరిగొచ్చే ఆటో కోసం రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది.

లాంచీ, కొండ

కుడి గట్టున ఏపీ పర్యాటక శాఖ లాంచీలు, ఎడమ గట్టున తెలంగాణ పర్యాటక శాఖ లాంచీలు నడుస్తాయి. జలపాతం కుడి గట్టునే ఉంది కాబట్టి విజయపురి సౌత్ అనుకూలం. కౌంటర్లో ఒక్క మాట గట్టిగా అడగండి: ‘కొండ మీద దింపుతారా?’ అని. జలాశయంలో ఓ చుట్టు తిప్పి తెచ్చే జాలీ ట్రిప్పులు వేరే ఉంటాయి. ఆ టికెట్ కొనేసి కొండ ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్లు ఉంటారు.

లైఫ్ జాకెట్ తొడుక్కోవడం కాదు, బకిళ్లు పెట్టుకుని బిగించుకోవడం ముఖ్యం. వదులుగా ఉన్న జాకెట్ నీళ్లలో పడితే మెడ మీదికి జారి మనిషిని కిందే వదిలేస్తుంది. పిల్లలకు పిల్లల జాకెట్టే అడగండి, పెద్దది వేసి దారంతో కట్టడం పనికిరాదు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, చెవుల దాకా లేచిందంటే ఆ సైజు కాదు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పడవ మునిగిన తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి, అయినా ఫొటోల కోసం అందరూ ఒకే వైపు చేరడం మానలేదు. మీ వాళ్లనైనా కూర్చోబెట్టండి.

ఒక్కో వైపు ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. దిగగానే మీ లాంచీ ఏదో, తిరిగి ఎన్నింటికి కదులుతుందో అడిగి తెలుసుకోండి. కొండ మీద ఉండే సమయం తక్కువ, అందులో సగం తోటలో సెల్ఫీలకే పోతుంది. నేరుగా మ్యూజియంకి నడవండి. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఇప్పుడు లాంచీ కింద మీరు దాటొచ్చిన నీళ్ల అడుగున ఉంది. 1955 డిసెంబరు 10న డ్యామ్‌కి శంకుస్థాపన జరిగింది. దానికి ముందూ తర్వాతా, లోయ మునిగేలోగా తవ్వి తీసిన శిల్పాలు ఈ హాల్లో ఉన్నాయి. సున్నపురాతి పలకల మీద జాతక కథలు వరుసగా చెక్కి ఉంటాయి. పిల్లలకు ఒక్క పలక ఎంచుకుని కథ చెప్పండి, వాళ్లు మిగతావి వాళ్లే అడుగుతారు. ముప్పావుగంట లోపల, పావుగంట బయట తిరిగి పేర్చిన స్తూపాల దగ్గర సరిపోతుంది.

తిండి, నీళ్లు

కొండ మీద తినడానికి పెద్దగా ఏమీ దొరకదనే అనుకుని వెళ్లండి. ఆరుగురికి ముప్పావు కిలో బియ్యం పులిహోర, పావుకిలో పైన బియ్యం దద్దోజనం లెక్కగా ఉంటుంది. పులిహోరకి 110 గ్రాముల చింతపండు, 150 మి.లీ. నూనె. నూనె తగ్గిస్తే మధ్యాహ్నానికి గింజలు ఎండి గొంతు పట్టుకుంటాయి. తెల్లవారుజామునే అన్నం వార్చి పళ్లెంలో పరిచి పూర్తిగా ఆరాకే కలపండి. వేడిగా డబ్బాలో మూత పెడితే ఆవిరి చెమ్మ పట్టి పన్నెండింటికల్లా వాసన వస్తుంది. దద్దోజనం పెరుగుతో కాకుండా పాలతో కలపండి: మెత్తగా వండిన అన్నంలో ముప్పావు లీటరు గోరువెచ్చటి పాలు, రెండు చెంచాల పెరుగు, ఉప్పు, అల్లం, తాలింపు. భోజనం వేళకి సరిగ్గా తోడుకుని ఉంటుంది. పొద్దునే పెరుగు పోసి కలిపితే పులిసిపోతుంది. ఉల్లిపాయ వేయకండి.

నీళ్లు చలికాలంలో మనిషికి రెండు లీటర్లు, ఎండ ఉన్న నెలల్లో మూడు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. వండుకురాని వాళ్లకు సాగర్ రెండు గట్లమీదా చేపల వేపుడు దొరుకుతుంది. వేయించి పళ్లెంలో పేర్చి పెట్టినవి కాకుండా, మసాలా పట్టించి ఉన్న ముక్కను చూపించి మీ ముందే నూనెలో వేయించుకోండి. పది నిమిషాలు ఆగాలి, ఆగడం మంచిదే. సీజన్లో తిరుగు దారిలో నల్గొండ బత్తాయిలు, సీతాఫలాలు కనిపిస్తే కొనుక్కోండి, డిక్కీలో మాత్రం బరువైన గిన్నెల కింద పెట్టకండి.

ఎత్తిపోతల

ఇక్కడ జలపాతాన్ని ఎదురుగా, కాస్త దూరం నుంచి, పైనుంచి చూస్తాం. కిందికి వెళ్లి ధార కింద తడిసే జలపాతం కాదిది. కుంటాల, బొగత జలపాతాల్లా ఊహించుకుని తువ్వాళ్లు, బట్టల జతలు తెచ్చుకున్నవాళ్లు నిరాశపడతారు. వ్యూ పాయింట్ నుంచి చూస్తే బండ అంచు మీద నీళ్లు పాయలుగా చీలి ఆకుపచ్చ మడుగులోకి పడుతుంటాయి. కాలువ జోరుగా ఉంటే ఆ పాయలు కలిసి ఒకే తెర అవుతాయి. బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా తేండి, మొసళ్లను వెతకడానికి ఫోన్ జూమ్ చాలదు. నీళ్లలో కాదు, మడుగు ఒడ్డున బల్లపరుపుగా ఉన్న రాళ్ల మీద చూడండి. కదలని దుంగలా కనిపిస్తే ఇంకో రెండు నిమిషాలు చూడండి.

మడుగులోకి దిగొద్దన్న బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు. మొసళ్లు ఒక కారణం. రెండోది, ధార పడే చోట నీరు అడుగుకి లాగి సుడులు తిరుగుతుంది, ఈత వచ్చినవాళ్లకూ అందులోంచి పైకి రావడం కష్టం. మూడోది అందరూ మరిచేది: బండల మీద పాచి. పొడిగా కనిపించే రాయి కూడా తుంపరలకి తడిసి సబ్బులా ఉంటుంది. రెయిలింగ్ దాటి అంచున కూర్చుని తీసుకున్న ఫొటో కోసం ప్రాణాలు పోగొట్టుకోవద్దు. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి, అడుగున గాట్లున్నవి వేసుకోండి, హవాయి చెప్పులు కారులోనే ఉంచండి.

పైన మాచర్ల వైపు మబ్బు కమ్మి ఉంటే వాగు దగ్గరికి అసలు పోవద్దు. మీ తల మీద ఎండే ఉండొచ్చు, ఎగువన పడిన వాన వాగులో నడుచుకుంటూ వస్తుంది. తెల్లటి నీరు ఎర్రబారడం, పుల్లలూ ఆకులూ కొట్టుకురావడం, హోరు బరువెక్కడం, ఈ మూడింట్లో ఏది కనబడినా వెంటనే గట్టెక్కాలి. డ్యామ్ కింద కృష్ణ ఒడ్డున స్నానాలు చేసేవాళ్లకూ ఇలాంటి ముప్పే ఉంది. గేట్లు మూసి ఉన్నా విద్యుత్ కేంద్రం నడిపితే నీళ్లు వదులుతారు, మోకాలి లోతు కాసేపట్లో నడుం లోతవుతుంది. సైరన్ మోగితే బట్టలు సర్దుకుంటూ కూర్చోకండి.

వ్యూ పాయింట్ దగ్గర కోతులున్నాయి. వాటికి ప్లాస్టిక్ కవర్ చప్పుడు వినబడితే చాలు, మనిషి చేతిలోంచే లాక్కుంటాయి. తినేవి కారులోనే మూసిపెట్టి, అద్దాలు పూర్తిగా ఎత్తండి. చేతిలో నీళ్ల సీసా ఒక్కటి చాలు.

దత్తాత్రేయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి చూడాలనుకుంటే ఇంకో అరగంట కేటాయించండి. దిగే మెట్లు తెరిచి ఉన్నాయో లేదో టికెట్ దగ్గరే అడగండి, నీళ్లు ఎక్కువున్నప్పుడు మూసేస్తారు. యతులు తపస్సు చేసిన చోటు కనుక యతి తపోతలం, అదే ఎత్తిపోతల అయిందని స్థానికులు చెబుతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మెట్లు దింపే పని పెట్టుకోకండి, దిగడం కంటే ఎక్కి రావడంలోనే ఇబ్బంది. పైన నీడలో కుర్చీ వేసి కూర్చోబెడితే జలపాతం వాళ్లకూ బాగానే కనబడుతుంది. మడత కుర్చీ ఒకటి డిక్కీలో వేసుకుంటే ఈ ఒక్క చోటే దాని విలువ తెలుస్తుంది.

వంతెన, తిరుగు దారి

డ్యామ్‌ను మొత్తంగా చూసే చోటు కింది వంతెనే. ఒక్కో గేటు 45 అడుగుల ఎత్తు, 42 అడుగుల వెడల్పు. ఇంత దూరం నుంచి అగ్గిపెట్టెల్లా కనిపిస్తే పక్కనున్న మనుషులతో పోల్చి చూడండి. కారును వంతెన మీద ఆపకండి, దాటాక పక్కకు తీసి నిలిపి నడిచి రండి. వెనక లారీ వస్తే మీ ఫొటో కోసం మొత్తం రోడ్డు ఆగిపోతుంది.

5.15 దాటనివ్వకుండా బయల్దేరాలి. పెద్దవూర, మల్లేపల్లి మధ్య చీకటి పడితే వెనక లైటు లేని ట్రాక్టర్లు, ఇంటికి మళ్లే గేదెలు రోడ్డు మీదే ఉంటాయి. చీకట్లో ఎదురుగా లైట్లు లేవు కదా అని ఓవర్‌టేక్ చేయడం ఈ రోడ్డు మీద అన్నిటికంటే ప్రమాదం. పొద్దున 4 గంటలకు లేచిన డ్రైవరుకి సాయంత్రం 7 దగ్గర కళ్లు మూతపడతాయి. మాల్‌లో ఆపి టీ తాగించి, పావుగంట సీటు వెనక్కి వాల్చి పడుకోనివ్వండి. యాచారం దాటాక ఆపుదాంలే అంటే ఈలోగానే కునుకు పట్టేస్తుంది.